లివోనియా

ఐరోపా పటమున బాల్టిక్ సముద్రమును, దాని తూర్పుతీరమున రీగా నగరమును గుర్తింపుడు. నేటి లాట్వియా, ఎస్టోనియా దేశములలో వ్యాపించిన ఈ సీమకు పూర్వము లివోనియా అని పేరు. లీవులు అను చిన్న జాతి పేరే సీమకంతటికిని వచ్చినది. ఆ సీమలో కాలక్రమమున లీవులే కానరాకపోయిరి.

లీవుల భాష లాట్వియనుల భాషకు బంధువు కాదు. ఫిన్లాండు, ఎస్టోనియా భాషల కుటుంబములోనిది. 12వ శతాబ్ది చివర జర్మను మతగురువులును, వారి వెంట యోధులును ఈ తీరమునకు వచ్చిరి. 1201లో ఆల్బర్టు అను బిషప్పు రీగా నగరమును నెలకొల్పెను. మరుసటి యేట ఖడ్గసోదరులను సైనికసంఘ మేర్పడెను. తురైదా కోటకు చెందిన కౌపో అను లీవు నాయకుడు క్రైస్తవమును స్వీకరించి, రోమునకేగి పోపును దర్శించివచ్చి, తనవారిపైననే కత్తి దూసెను. 1217లో ఎస్టోనియనులతో జరిగిన పోరున మరణించెను. అతడు ద్రోహియా, దూరదర్శియా అను వాదము నేటికిని తెగలేదు. తన జనులయందు అతడు విశ్వాసము కోల్పోయెననుట మాత్రము నిజమని నాకు తోచును.

పిమ్మట పోలండు, స్వీడను, 1721 నుండి రష్యా ఈ సీమను ఏలినవి. ప్రభువులు మారినను భూములు జర్మను జమీందారులవే. 1819లో రైతుల దాస్యము తొలగినది కాని భూమి వారికి దక్కలేదు. 1918లో లాట్వియా, ఎస్టోనియా స్వతంత్రములు కాగా లివోనియా రెండుగా చీలెను.

అప్పటికి లీవు భాష రీగాకు వాయవ్యముననున్న కుర్జెమె అగ్రభాగమున, పండ్రెండు పల్లెలలో మాత్రము మిగిలియుండెను. అచటివారు తమను తీరవాసులమని చెప్పుకొనెడివారు. 1923లో వారొక సంఘమును స్థాపించి ఆకుపచ్చ, తెలుపు, నీలము రంగుల పతాకమును ఎత్తిరి. పడవలోనుండి ఇంటివైపు చూచు జాలరికి కానవచ్చునవి అవియే: పైన అడవి, నడుమ ఇసుక, క్రింద నీరు.

రెండవ ప్రపంచయుద్ధానంతరము సోవియట్ ప్రభుత్వము ఈ తీరమును సరిహద్దు రక్షణప్రాంతముగా చేసినది. చేపలవేట కుంటుపడెను, యువకులు పట్టణములకు తరలిరి. విడిచిన పడవల శిథిలములు మజిర్బె గ్రామపు అడవిలో నిలిచిపోయినవి. 2013లో గ్రిజెల్డా క్రిస్టిన్య అను వృద్ధురాలు కెనడాలో 103 సంవత్సరముల వయస్సున మరణించెను. తల్లి ఒడిలో లీవు భాష నేర్చినవారిలో ఆమెయే కడపటిదందురు.

అయినను, లాట్వియా 1999 నాటి శాసనమున దీనిని స్వదేశభాషగా గుర్తించినది. 2018లో లాట్వియా విశ్వవిద్యాలయమున లీవు పరిశోధనాసంస్థ వెలసినది. ఈ భాషను పూనికతో నేర్చి మాటలాడువారు కొద్దిమంది కలరు. ఏటేట ఆగస్టు మొదటి శనివారమున మజిర్బెలో లీవుల ఉత్సవము జరుగును. అచట పాడు లీవు గీతమునకును, ఫిన్లాండు, ఎస్టోనియా జాతీయగీతములకును వరుస ఒక్కటియే.