అవ్వ కథయు, చేతిఫోనును
కథకు వాహనములు మారుచుండును. హోసూరు చెంత తొరపల్లిలో 1878లో జన్మించిన రాజాజీ, అవ్వలు చెప్పు భారత రామాయణములను సులభమైన అచ్చుకథలుగా వ్రాసిరి. 1947 జూలైలో మదరాసున పుట్టిన 'చందమామ' తెలుగు, తమిళ బాలలను ఒక్కమారే అలరించెను, అదియు నిలిచిపోయినది.

నేడు మత్తూరు ఇండ్లలో కథ చెప్పునది చేతిఫోను. బిడ్డ నిద్రించినను అది సాగిపోవును. తెలియని మాట వచ్చినను నిలువదు. అవ్వ యట్లు కాదు. బిడ్డ 'ఊ' కొట్టుట మానినచో కథ ఆపును. అడిగిన మాటకు అర్థము చెప్పును. భాష అబ్బునది ఆ 'ఊ' లోనే.

2006 నాటి చట్టము తమిళమును బడులలో నిర్బంధ పాఠ్యముగా జేసినది. తమిళము నేర్చుట మేలే. కాని తెలుగునకు ఇంటి అండ మరింత కావలెను. కనుక తల్లిదండ్రులను మేము కోరునది యొక్కటే: అవ్వ చెప్పు కథను ఫోనులో పట్టి యుంచుడు, మరునాడు దానిని బిడ్డచే తెలుగున వ్రాయింపుడు.