జిప్పు వేసిన బైబిలు

చెల్లాయిలూ, ఈ ఢిల్లీ చలికి రజాయిలోంచి చెయ్యి బయటపెట్టాలంటేనే బద్ధకం కదూ!

మొన్న నోయిడా నుంచి ఒక చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, ఉజ్జీవ కూడికలకు వెళ్తే ఏడుపు ఆగదు. మోకాళ్ళ మీద ఏవేవో తీర్మానాలు చేసుకుంటాను. బుధవారం వచ్చేసరికి పిల్లల డబ్బాలు, ఆఫీసు, అత్తయ్యగారి బీపీ మాత్రలు... ఆ మంటంతా ఎటు పోతుందో! అసలు నా భక్తి నిజమేనా?" అంది.

ఆ బుధవారం నాకూ తెలుసు. కరోనా రోజుల్లో ఆరాధన ఫోన్‌లో చూడటం అలవాటైంది. ఆ తర్వాత గుడి తలుపులు తెరిచారు గానీ నేను రజాయి వదల్లేదు. ద్వారక నుంచి గంటన్నర ప్రయాణం, పొగమంచు, పిల్లల పరీక్షలు... సాకులకేం తక్కువ? పల్లీలు ఒలుచుకుంటూ ప్రసంగం వినేదాన్ని. కీర్తనకు పెదవులు కదిలేవి, మనసేమో కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టేది.

ఒకరోజు సొరుగు సర్దుతుంటే, పెళ్ళికి అమ్మ ఇచ్చిన తెలుగు బైబిలు కనబడింది. తోలు కవరు కొత్తదిలాగే ఉంది. జిప్పు లాగితే కదల్లేదు, తుప్పు పట్టింది.

సిగ్గేసింది. భక్తసింగ్ గారు గుర్తొచ్చారు. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారాయన. చదువుకునే రోజుల్లో బహుమతిగా వచ్చిన బైబిలు కాగితాలు చింపేసి, బావుందని తోలు అట్ట ఒక్కటే దాచుకున్నారట! అదే మనిషి 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో తానే అడిగి క్రొత్త నిబంధన తెచ్చుకుని చదివి మారిపోయారు. 1933లో బొంబాయిలో దిగితే, చూడటానికొచ్చిన అమ్మానాన్నలు ఈ విశ్వాసం సంగతి గుట్టుగా ఉంచమన్నారు. ఒప్పుకోలేదు, ఇల్లు వదులుకున్నారు. 1950 నాటికి హైదరాబాదులో ఆయన కూటాలకు కేంద్రంగా హెబ్రోను వెలిసింది. మన అమ్మమ్మలు చాపల మీద కూర్చుని ప్రేమవిందు తిన్నది ఆ కూటాల్లోనే. చిత్రం చూడండి, పంజాబీ బిడ్డ మన ఊళ్ళకు నిప్పు మోసుకొస్తే, మనం ఉత్తరాదికొచ్చి చల్లారిపోయాం. ఆయన కాగితాలు చింపారు, నేను చింపలేదు. అంతే తేడా.

ఉజ్జీవం అనగానే మనకు పెద్ద పందిరి, సౌండు బాక్సులు గుర్తొస్తాయి. వాటిని తప్పుపట్టను, నేనూ అక్కడ ఏడ్చినదాన్నే. కానీ ఒంగోలు ప్రార్థన కొండ కథ వినే ఉంటారు. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఆ కొండెక్కింది ఐదుగురే. మిషనరీ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగువాళ్ళు. ఆ ముగ్గురిలో ఇద్దరు మన ఆడవాళ్ళే, జూలియా, రూతు. ఒంగోలుకొక సేవకుణ్ణి పంపమని అడిగారు. ఆ సేవకుడిగా క్లౌ గారు అక్కడికొచ్చి స్థిరపడింది 1866లో. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆ 2,222 అంకె ప్రతి సాక్ష్యంలోనూ వినిపిస్తుంది గానీ, ముందు గడిచిన పన్నెండేళ్ళ బుధవారాలను ఎవరూ లెక్కపెట్టరు.

జిప్పుకు కొవ్వొత్తి రుద్ది తెరిచాను. మెట్రో బ్లూ లైన్‌లో సీటు దొరికినప్పుడల్లా చదువుతున్నా. మత్తయి ఐదో అధ్యాయంలో, కానుక ఇచ్చే ముందు తోడబుట్టినవాడితో రాజీపడమన్న చోట ఆగిపోయాను. మామయ్యగారి పొలం విషయంలో మా తోడికోడలితో రెండేళ్ళుగా మాటల్లేవు. ఆ పేజీ తిప్పేసి ముందుకు పోదామనుకున్నా, వేలు కదల్లేదు. ఫోన్ చేశా. "ఆఁ, చెప్పు" అంది పొడిగా. "నేనే తొందరపడి అన్నాను అక్కా" అన్నా. అటువైపు చాలాసేపు మాట లేదు. పొలం సంగతి ఇప్పటికీ తేలలేదనుకోండి. క్రిస్మస్‌కి మాత్రం అరిసెలు పంపింది.

నోయిడా చెల్లీ, నీ కన్నీళ్ళు అబద్ధమని నేననుకోను. ఆ బుధవారాన్ని మోయడం నీ ఒక్కదాని వల్ల కాదు, అంతే. మేం కొందరం ఇప్పుడు ప్రతి బుధవారం సాయంత్రం ఏడింటికి మా ఇంట్లో కూర్చుంటున్నాం. మైకు లేదు, టిఫిన్లూ లేవు, ఒక అధ్యాయం, ప్రార్థన, అల్లం టీ. బ్లూ లైన్ ఎక్కితే రైలు మారే పనే లేదు. ప్రస్తుతం నలుగురం. నువ్వొస్తే ఐదుగురం అవుతాం.