కారు మీటర్ మార్చారా? పాత రీడింగ్ కాగితం మీద పెట్టండి

ప్రశ్న: మాది నాచారం. నా దగ్గర 2016 మోడల్ స్పోర్ట్స్ కారు ఉంది. డ్యాష్‌బోర్డులో ముల్లు తిరిగే మీటర్లు తీయించి, అదే కారు తర్వాతి మోడల్‌లో వచ్చిన డిజిటల్ మీటర్ బిగించుకున్నాను. పాత మీటర్ తీసేనాటికి బండి 74,000 కిలోమీటర్లు తిరిగింది. కొత్తగా పెట్టిన మీటర్ వేరే బండిలోంచి తీసింది కాబట్టి అందులో అప్పటికే 31,000 ఉంది. ఇప్పుడది 36,000 చూపిస్తోంది. బండి అమ్మేద్దామనుకుంటున్నాను. మీటర్ మార్చిన సంగతి ఉప్పల్ ఆర్టీఓ ఆఫీసులో చెప్పాలా? ప్రకటనలో 36,000 అని వేస్తే తప్పా?

జవాబు: మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. తప్పే. మీ బండి తిరిగింది 79,000 కిలోమీటర్లు. తెర మీద 36,000 కనిపిస్తోంది కదా అని అదే రాస్తే, కొనేవారికి తెలిసీ అబద్ధం చెప్పినట్టవుతుంది. మీటర్ మార్చుకున్నందుకు మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. మార్చిన సంగతి దాచి అమ్మితే మాత్రం చిక్కుల్లో పడతారు.

ఇలాంటి మార్పు మీద మోజు మీ ఒక్కరిదే కాదు. ఫోర్డ్ మస్టాంగ్ 2016లో మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పుడు దాంట్లో ముల్లు తిరిగే గుండ్రటి మీటర్లుండేవి. విదేశాల్లో 2018 మోడల్ నుంచి 12 అంగుళాల డిజిటల్ తెర వచ్చింది. దాన్ని పాత మస్టాంగ్‌లో బిగించుకునేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. సొంత డబ్బుతో సొంత బండిని ముచ్చటగా మార్చుకోవడం మీ హక్కు. ఆ హక్కుకు చట్టం గీసిన హద్దులేమిటో చూద్దాం.

ఆర్టీఓకు చెప్పాలా?

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కె. జయచంద్ర కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పు చేస్తే సెక్షన్ 182ఎ(4) కింద ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

మీ ఆర్సీ తీసి చూడండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, రంగు, ఇంధనం, ఇంజిన్ సామర్థ్యం, సీట్ల సంఖ్య ఉంటాయి. ఏ మీటర్ ఉందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఉండదు. కాబట్టి మీటర్ ఒక్కటే మార్చితే ఆర్సీ వివరాలు మారవు, సెక్షన్ 52 తగలదన్నది నా అభిప్రాయం. దాంతోపాటు ఇంజినో, రంగో, బాడీ ఆకారమో మార్చి ఉంటే సంగతి వేరు. అప్పుడు ఆర్టీఓ గడప తొక్కాల్సిందే.

ఇంకో నిబంధన కూడా ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 117వ నిబంధన స్పీడోమీటర్ గురించినది. బండి ఎంత వేగంతో పోతోందో డ్రైవరుకు కనిపించాలి. ఒక తరం కారు మీటర్ మరో తరం కారులో పెట్టినప్పుడు ఇక్కడే తేడా వస్తుంది. గేర్ల నిష్పత్తి, టైరు సైజు వేరైతే వేగం తప్పు చూపిస్తుంది. పెట్రోలు ముల్లు ట్యాంకులోని ఫ్లోట్‌తో సరిపడకపోవచ్చు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ హెచ్చరిక దీపాలు వెలగాల్సినప్పుడు వెలగకపోవచ్చు. అమెరికా నుంచి తెప్పించిన మీటర్ అయితే మైళ్లలో చూపిస్తుంది. అందులో 60 అంటే మన లెక్కలో దాదాపు 97 కిలోమీటర్లు. వేగం ఎక్కువైందని చలానా వచ్చాక ‘మా మీటర్ తక్కువ చూపించింది’ అంటే చెల్లదు. కాబట్టి బిగించిన మెకానిక్ చేత కోడింగ్ సరిచేయించి, జీపీఎస్ వేగంతో పోల్చి చూసుకోండి.

మీటర్‌ను ఎక్కడ కొన్నారో బిల్లు ఉందా? లేకపోతే సంపాదించుకోండి. ఇప్పటి మీటర్లలో చాలావాటి మెమరీలో అవి మొదట ఉన్న బండి ఛాసిస్ నంబరు నిలిచి ఉంటుంది. ఆ బండి దొంగతనానికి గురైనదైతే పోలీసులు మీ ఇంటికి రావచ్చు. దొంగసొత్తని తెలిసి గానీ, అలా అనుకోవడానికి కారణం ఉండి గానీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద నేరం.

బీమా కంపెనీకి కూడా ఒక ఈమెయిల్ పెట్టండి. తిరిగిన కిలోమీటర్లను బట్టి ప్రీమియం కట్టే పద్ధతికి 2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతిచ్చింది. అలాంటి పాలసీ ఉన్నవాళ్లు మీటర్ మార్చి చెప్పకపోతే క్లెయిమ్ వేళ ఇబ్బంది పడతారు.

నోరు మెదపకపోతే?

‘ప్రకటనలో ఏమీ రాయను, వాళ్లే మీటర్ చూసుకుంటారు’ అని కొందరంటారు. కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 17 ఈ సందర్భానికి సూటిగా పనికొస్తుంది. వట్టి మౌనం మోసం కాదని ఆ సెక్షన్ చెబుతుంది. కానీ తెలిసిన నిజాన్ని కావాలని కప్పిపుచ్చితే మోసమేననీ అదే సెక్షన్ చెబుతుంది. 79,000 తిరిగిన బండిలో 36,000 చూపించే మీటర్ మీరే పెట్టించి, కొనేవారు దాన్ని నమ్ముతున్నారని తెలిసి ఊరుకుంటే అది వట్టి మౌనం అనిపించుకోదు. సెక్షన్ 19 కింద కొన్నవారు ఒప్పందం రద్దు చేయించుకుని డబ్బు వెనక్కి అడగొచ్చు. మొదటినుంచీ మోసపు ఉద్దేశం ఉందని తేలితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే చీటింగ్ కేసు కూడా అవుతుంది.

అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లకు ఈ విషయంలో నియమం స్పష్టంగా ఉంది. ఓడోమీటర్ మార్చినప్పుడు పాత అంకెను కొత్తదాంట్లో పెట్టలేకపోతే దాన్ని సున్నాకు తేవాలి. పాత రీడింగ్, మార్చిన తేదీ రాసిన నోటీసు ఎడమవైపు డోర్ ఫ్రేముకు అంటించాలి. జర్మనీ 2005లోనే మీటర్ తిప్పడాన్ని నేరంగా చట్టంలో రాసుకుంది. మన మోటారు వాహనాల చట్టంలో మీటర్ తిప్పడానికంటూ విడిగా సెక్షన్ లేదు. అందుకే మోసం, చీటింగ్, వినియోగదారుల హక్కుల దారిలో న్యాయం వెతుక్కోవాల్సి వస్తోంది.

ఈ కాగితం రాసివ్వండి

అమ్మేటప్పుడు తెల్లకాగితం మీద ఇలా రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి చెరో ప్రతి ఉంచుకోండి:

“ఈ వాహనం అసలు మీటర్‌ను ఫలానా తేదీన తీసి వేరే మీటర్ బిగించాను. తీసేనాటికి అసలు మీటర్ రీడింగ్ 74,000 కి.మీ. బిగించేనాటికి రెండో మీటర్ రీడింగ్ 31,000 కి.మీ. ఈ రోజు రీడింగ్ 36,000 కి.మీ. కాబట్టి వాహనం తిరిగిన మొత్తం దూరం 79,000 కి.మీ. ఈ విషయం కొనుగోలుదారుకు తెలియజేశాను.”

పాత మీటర్ దాచి ఉంచితే దాన్ని కూడా బండితోపాటు ఇచ్చేయండి. బేరంలో కొంత తగ్గాల్సి రావచ్చు. కానీ రేపు కోర్టు మెట్లెక్కే బాధ తప్పుతుంది. అమ్మాక 14 రోజుల్లో ఆర్టీఓ ఆఫీసులో ఫారం 29 ఇచ్చి పేరు మార్పిడి పూర్తయ్యేదాకా వెంటపడండి. ఆర్సీలో పేరున్నంతకాలం ప్రమాదం జరిగితే బాధ్యత మీదేనని నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

కొనేవారికి నాలుగు మాటలు

టీఎస్ 08 నంబరుతో ఎంత ముద్దొచ్చే బండి కనబడ్డా మీటర్ ఒక్కటే చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. సెక్షన్ 19లోనే ఒక మినహాయింపు ఉంది: మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలున్నా తెలుసుకోనివారికి కొన్ని సందర్భాల్లో రద్దు హక్కు పోతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత సర్వీసు రికార్డు అడగండి. తేదీతో పాటు కిలోమీటర్లు అక్కడ దొరుకుతాయి. టైరు మీది నాలుగంకెలు చూడండి. అవి తయారైన వారం, సంవత్సరం. పెడల్ రబ్బర్లు అరిగిపోయి, స్టీరింగ్ తోలు నున్నబడి ఉంటే 30,000 అన్న అంకెను నమ్మకండి. మీటర్ ఎప్పుడైనా మార్చారా అని వాట్సాప్‌లో అడిగి, జవాబు రాతలో తెప్పించుకోండి. ప్రకటన స్క్రీన్‌షాట్ దాచండి. ఆ ఫోన్ అమ్మకండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రంతో అవి కోర్టులో సాక్ష్యమవుతాయి.

అమ్మింది సెకండ్ హ్యాండ్ కార్ల డీలరైతే మీ దారి సులువు. 2023 ఏప్రిల్ 1 నుంచి అలాంటి డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి. తమ దగ్గరున్న బండి ఎవరు, ఎందుకు, ఎంత దూరం నడిపారో ఎలక్ట్రానిక్ రిజిస్టరులో రాయాలి. ఆ పత్రం చూపించమని, రిజిస్టరు చూపించమని అడగండి. మోసం బయటపడితే రెండేళ్లలోపు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. డీలరు ఎక్కడున్నా మీరుండే జిల్లాలోనే వేసే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. చెల్లించిన ధర 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల దాకా ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ముందుగా 1915కు ఫోన్ చేయొచ్చు. ఉచిత న్యాయ సహాయానికి అర్హులైతే 15100కు చేయండి.

అమ్మింది డీలరు కాక మామూలు మనిషైతే వినియోగదారుల కమిషన్‌లో కేసు నిలవడం కష్టం. సివిల్ కోర్టులో డబ్బు వాపసు దావా, పోలీస్ స్టేషన్‌లో చీటింగ్ ఫిర్యాదు మీకున్న దారులు.

ప్రభుత్వాన్ని కోరేది ఒకటుంది. ఉప్పల్ అయినా, ఇంకెక్కడైనా పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29లో ఛాసిస్ నంబరు రాస్తాం, ఇంజిన్ నంబరు రాస్తాం. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాయడానికి చోటు లేదు. చేతులు మారిన ప్రతిసారీ ఆ అంకె ప్రభుత్వ రికార్డులోకి ఎక్కితే, తర్వాత దాన్ని తగ్గించి చూపడం ఎవరి తరమూ కాదు. రవాణా శాఖ ఆ ఒక్క గడి చేర్చాలి. చేర్చేదాకా ఆ అంకెను మన సంతకంతో మనమే రాసిచ్చుకోవాలి.