ఉగాది సంకల్పములు – పాదాంశ క్రమము

వేపపూత పచ్చడి రుచి నాలుకపై ఉండగానే సంకల్పములు చేసికొనుట మన ఇండ్లలో ఆనవాయితీ. తెల్లవారుజామున లేవవలెను, టీ మానవలెను, తీపి ముట్టరాదు, దినమునకు ఆరు కిలోమీటర్లు నడువవలెను. వైశాఖము వచ్చుసరికి వీనిలో ఎన్ని నిలుచునో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. తమకు మనోబలము లేదని అందరును తమనే నిందించుకొందురు. ఆయుర్వేదము లోపమును వేరొకచోట చూపుచున్నది.

పదేండ్ల క్రిందటి మాట. జగిత్యాల ప్రాంతము నుండి, పదవీ విరమణ చేసిన గుమాస్తా ఒకరు ఉగాదినాడు పదకొండు సంకల్పములు వ్రాసిన కాగితముతో నా వద్దకు వచ్చినారు. పండుగ హడావిడిలో పై నాలుగు వరుసలు మాత్రము చదివి, అక్షింతలు వేసి పంపినాను. ఏడవ వరుసలో రక్తపోటు మాత్రలు మానివేయుట అని ఉన్నదట. నెల తిరుగకమునుపే కుడిప్రక్క పక్షవాతముతో ఆయనను ఆసుపత్రిలో చేర్చినారు. నేటికిని కర్ర సాయముతోనే నడచుచున్నారు. చదువక దీవించిన దోషము నాది. కనుక ముందుగానే మనవి: రక్తపోటు, మధుమేహము, మూర్ఛ మున్నగువానికి వాడు మందులు సంకల్పముల జాబితాలో చేర్చదగినవి కావు. వానిని తగ్గించుట వ్రాసిన వైద్యుని పని.

ఇక క్రమమునకు వత్తము. చరకసంహిత సూత్రస్థానమునందును, వాగ్భటుని అష్టాంగహృదయ సూత్రస్థానమునందును, రెంటను ఏడవ అధ్యాయముననే ఈ ప్రస్తావన ఉన్నది. చెడ్డ అలవాటైనను చిరకాలము చేసినచో శరీరమునకు సాత్మ్యమగును. దానిని ఒక్కసారిగా త్రోసివేసినను, మంచిదానిని ఒక్కసారిగా పట్టినను దేహము కలతపడును. కావున చెడును పాదము చొప్పున, అనగా నాలుగవ వంతు చొప్పున తగ్గించుచు, ఆ ఖాళీలో మంచిని పాదము చొప్పున నింపవలెను. పాదములో పాదము, అనగా పదునారవ వంతు చొప్పున అను మార్గము కూడ కలదు. అది వృద్ధులకు, బలహీనులకు అనుకూలము. మెట్టుమెట్టునకు నడుమ ఎన్ని దినములుండవలెనను విషయమున వ్యాఖ్యాతలు పెక్కు విధముల చర్చించినారు. నా అనుభవమున వారమునకొక మెట్టు చాలును.

నాలుగు మార్లు టీ త్రాగువారు మొదటి వారము మూడు మార్లు త్రాగి, నాలుగవ వేళకు పలుచని మజ్జిగ పుచ్చుకొనవచ్చును. ఆ వేళ ఖాళీగా వదలరాదు. వదలినచో టీ మరల వచ్చి అక్కడనే కూర్చుండును!

గురుకులమున చేరిన క్రొత్తలో నాకు ఆరింటికి గాని మెలకువ వచ్చెడిది కాదు. గురువుగారు కోపపడలేదు. వారమునకు అరగంట చొప్పున ముందుకు జరిపినారు. నాలుగు వారములకు నాలుగింటికి లేచితిని. నాకు శాస్త్రవాక్యము బోధపడినది ఆ పిమ్మట ఎన్నో ఏండ్లకు.

జర్దా, గుట్కాల విషయమున మాత్రము ఒకేసారి మానగలవారు నేడే మానవచ్చును. నిత్యము అధికముగా మద్యము సేవించువారు వైద్యుని పర్యవేక్షణలోనే మానవలెను. అకస్మాత్తుగా ఆపినచో ప్రాణాపాయము కలుగవచ్చును.

రెండవ పొరపాటు ఏమనగా, సంవత్సరమంతటికి ఒకే నియమము పెట్టుకొనుట. మన కరీంనగర్, ఆదిలాబాదు సీమలలో ఇది బొత్తిగా పొసగదు. రామగుండమున ఎండలు కొన్ని దినములు 45 డిగ్రీలు దాటును. ఆదిలాబాదు అడవి పల్లెలలో పుష్యమాసపు చలి ఎముకలు కొరుకును. బలవంతులైనను శీతకాలమునందును, వసంతమునందును తమ శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెనని, తక్కిన ఋతువులలో ఇంకను తక్కువ చేయవలెనని వాగ్భటుడు చెప్పినాడు. నుదుట చెమట పట్టి, నోరు ఎండుట మొదలైనచో సగము శక్తి అయినదని గుర్తు. ఉగాదినాడు ఆరు కిలోమీటర్ల నడక మొదలుపెట్టినవారు గ్రీష్మమున, సూర్యోదయమునకు ముందే, దానిని రెండు మూడింటికి దింపుకొనవలెను. అది వ్రతభంగము కాదు.

ఋతువు మారునప్పుడు కడచిన ఋతువు తుది ఏడు దినములు, రానున్న ఋతువు తొలి ఏడు దినములు కలిపి ఋతుసంధి అందురు. పాత నియమమును మెల్లగా విడిచి క్రొత్తదానిని మెల్లగా చేపట్టవలసిన కాలమిది. ఏడాదికి ఇట్టివి ఆరు. ఆ దినములలో ఇంటిల్లిపాది కూర్చుండి కాగితమును ఒకమారు తిరుగవ్రాసికొనుట మేలు.

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతముల బొగ్గుబాయి కుటుంబములవారు, మూడు షిఫ్టుల బ్రతుకులో దినచర్య ఎట్లని అడుగుదురు. రాత్రి మేలుకొన్నవారు, మేలుకొన్న కాలములో సగము, మరునాటి ఉదయము భోజనమునకు ముందు నిద్రింపవలెనని వాగ్భటుని విధి. ఇది అప్పుడప్పుడు జాగరణ చేయువారికి చెప్పినదని నా అభిప్రాయము. వారమంతయు రాత్రి షిఫ్టు చేయువారికి సగము చాలదు. తేలికగా అంబలి త్రాగి, గది చీకటి చేసికొని, నిద్ర తీరువరకు పండుకొనవలెను. వారి సంకల్పము గడియారమును బట్టి గాక నిద్ర గంటలను బట్టి ఉండవలెను. ఇంటివారు ఆ వేళ టీవీ శబ్దము తగ్గించుట కూడ అందులోని భాగమే.

ఈ ఏడు నా కాగితముమీద ఉన్నది ఒక్కటే: రాత్రి భోజనము ఎనిమిదింటిలోపల ముగించుట. పది గంటలనుండి మొదలై ఇప్పటికి ఎనిమిదిన్నరకు వచ్చినది.