ల్యాబ్ నుంచి ఫ్యాక్టరీకి: విశాఖ పరిశోధకులు తరచూ అడిగే ప్రశ్నలు

ప్ర: స్టీల్‌ప్లాంట్ స్లాగ్‌తో కొత్త రకం ఇటుక చేశాం. వచ్చే నెల సదస్సులో పేపర్ చదవొచ్చా?

జ: ముందు దరఖాస్తు పడాలి. మనకు చెన్నై పేటెంట్ ఆఫీసు. స్లాగ్‌ను సిమెంటు కంపెనీలు ఎప్పటి నుంచో వాడుతున్నాయి కాబట్టి మీ పాళ్లలో, ఆరబెట్టే తీరులో ఏది కొత్తో అదే రాయాలి. ప్రొవిజనల్ దరఖాస్తు వేసి 12 నెలల్లో పూర్తి వివరాలు ఇవ్వొచ్చు. కానీ మొదట రాయని సంగతికి మొదటి తేదీ వర్తించదు. పేపర్ కన్నా నాకు భయం థీసిస్ గురించి. పట్టా వచ్చిన సంతోషంలో అది థీసిస్‌లను అందరికీ చూపే వెబ్‌సైట్ శోధగంగకు ఎక్కిపోతుంది, దాంతో కొత్తదనం పోతుంది. 2021 సవరణ తర్వాత విద్యాసంస్థకు ఆన్‌లైన్ దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలే. దయచేసి ఆ పని ముందు చేయండి.

ప్ర: హక్కు నాదా, యూనివర్సిటీదా?

జ: 1970 నాటి పేటెంట్ల చట్టం ఉద్యోగుల ఆవిష్కరణల గురించి విడిగా ఏమీ చెప్పదు. దరఖాస్తు చేసే హక్కు అసలు ఆవిష్కర్తది, లేదా ఆయన రాసిచ్చినవారిది. ఉద్యోగంలో చేరేటప్పుడు పెట్టిన సంతకాలు, యూనివర్సిటీ ఐపీ పాలసీ, గ్రాంటు షరతులు తీసి చదవండి.

ప్ర: డబ్బు పెట్టే కంపెనీ పేటెంట్ ఉమ్మడిగా ఉండాలంటోంది. సమాన వాటాయే కదా?

జ: సమానంగా కనిపిస్తుంది, అంతే. వేరే ఒప్పందం లేకపోతే సెక్షన్ 50 ప్రకారం ఉమ్మడి హక్కుదారు ఎవరైనా పేటెంటును సొంతానికి వాడుకోవచ్చు, లాభం లెక్క రెండోవారికి చెప్పనక్కర్లేదు. ఇంకొకరికి లైసెన్సు ఇవ్వాలంటే మాత్రం రెండోవారు ఒప్పుకోవాలి. కంపెనీకి యంత్రాలున్నాయి, లారీలున్నాయి, కొనేవాళ్లున్నారు. యూనివర్సిటీకి ఉన్నది ల్యాబ్. లైసెన్సు ఇవ్వడమే దానికి రాబడి, ఆ పని కంపెనీ సరే అంటేనే జరుగుతుంది. ఎన్నో ఏళ్ల శ్రమ ఇలా ఒక్క వాక్యంలో చేజారితే మనసు ఒప్పదు. రాయల్టీ ఎంత, ఎన్నాళ్లలో తయారీ మొదలవ్వాలి, మొదలవ్వకపోతే హక్కు ఎలా వెనక్కి వస్తుంది, అన్నీ ముందే రాయించుకోండి. నోటిమాట లైసెన్సు చట్టం ముందు నిలవదు.

ప్ర: పూర్తిగా రాసిచ్చేయమంటే?

జ: పేటెంట్ గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. రాసిచ్చేస్తే అన్నేళ్లూ వాళ్లదే. లైసెన్సు అయితే పోర్టు పనులకు ఒకరికి, ఇళ్ల కట్టడాలకు ఇంకొకరికి ఇవ్వొచ్చు.

ప్ర: మా విద్యార్థిని పేరు చేర్చాలా?

జ: ఆ పాళ్లు తేల్చింది ఆమె అయితే ఆవిష్కర్తగా ఆమె పేరు ఉండి తీరాలి. హక్కు యూనివర్సిటీకి రాసిచ్చినా ఆ పేరు అక్కడే ఉంటుంది.