జోస్యాలు, కాలాముల ప్రశ్న



ధమ్మ బంధువులారా, అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఆట కాదు. కోడిగుడ్డు లాంటి బంతిని చేత పట్టుకుని పరిగెత్తే ఆట. మొత్తం 32 జట్లు. పోటీలు సెప్టెంబరులో మొదలవుతాయి. అంతకుముందే టీవీల్లో నిపుణులు కూర్చుని ఏ జట్టు ఎన్ని ఆటలు గెలుస్తుందో, చివరి పోటీ సూపర్ బౌల్ ఎవరిదో చెప్పేస్తుంటారు. అక్కడి అభిమానులు చాలామంది "పోయినేడు కూడా ఇట్లాగే చెప్పారుగా" అని నవ్వుకుంటారు.

నవ్వడానికి కారణముంది. 1998లో సెయింట్ లూయిస్ రామ్స్ జట్టు 16 ఆటల్లో నాలుగే గెలిచింది. మరుసటేడు సీజన్‌కు ముందే వాళ్ల ప్రధాన ఆటగాడు ట్రెంట్ గ్రీన్ మోకాలు దెబ్బతింది. ఆ స్థానంలోకి వచ్చిన కర్ట్ వార్నర్ ఒకప్పుడు సూపర్ మార్కెట్లో రాత్రిపూట అరల్లో సరుకులు సర్దిన మనిషి. ఆ ఏడు రామ్స్ 13 ఆటలు గెలిచి, 2000 జనవరిలో సూపర్ బౌల్ కూడా గెలిచింది. రెండేళ్లకు అదే రామ్స్ తప్పక గెలుస్తుందన్నారు. ప్యాట్రియట్స్ చేతిలో 20-17తో ఓడింది. ప్యాట్రియట్స్‌ను నడిపిన టామ్ బ్రేడీ, 198 మందిని ఎంచుకున్నాక గానీ ఏ జట్టు కంటికీ ఆనని కుర్రాడు.

దీఘ నికాయంలోని బ్రహ్మజాల సుత్తం చూడండి. ఏ రాజు గెలుస్తాడో, ఏ రాజు ఓడతాడో జోస్యం చెప్పి బతకడాన్ని బుద్ధుడు హీన విద్యల్లో చేర్చాడు.

కేసపుత్తంలో కాలాములు అడిగిందీ ఇదే తరహా ప్రశ్న. వచ్చిన ప్రతి గురువూ తన మాటే నిజం అంటాడు, మేం ఎవర్ని నమ్మాలి? పరంపర అనో, గురువు చెప్పాడనో ఒప్పుకోవద్దన్నాడు బుద్ధుడు. మనవాళ్లు ఇంతవరకే చదివి ఆపేస్తారు. మన అభిప్రాయానికి కుదిరిందనే కారణంతోనూ ఒప్పుకోవద్దని కూడా అక్కడే ఉంది. తన జట్టు ఓడుతుందంటే నిపుణుణ్ణి తిట్టి, గెలుస్తుందంటే అదే నిపుణుడి మాట అందరికీ చూపించుకునే అభిమానిది అనుమానం కాదు, మోహం.

మరి మన సంగతి? మా పేటలో నర్సింగ్ చదివిన ఒక అమ్మాయికి మూలా నక్షత్రమని, మామకు గండమని సంబంధం తప్పిపోయింది. తప్పించింది ఎవరనుకున్నారు? 22 ప్రతిజ్ఞలు చేసిన కుటుంబమే. గోడ మీద బాబాసాహెబ్ ఫొటో ఉంది, బీరువాలో పంచాంగం ఉంది. అమెరికా నిపుణుడి మాట కనీసం ఫిబ్రవరికల్లా తేలిపోతుంది. జాతకం చెప్పినాయన్ని మళ్లీ వెళ్లి అడిగినవాళ్లెవరు? ఆ అమ్మాయి తర్వాత వేరే ఇంటికి కోడలైంది. ఆ మామగారు మొన్న ఏప్రిల్ 14 ఊరేగింపులో మాకంటే ముందు నడిచారు.

వచ్చే ఆదివారం వందన అయ్యాక, ఇంట్లో ఉంటే, పోయినేటి పంచాంగం తీసుకురండి. అందులో మీ రాశికి రాసిన ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు ఒక పక్క, నిజంగా జరిగింది ఒక పక్క రాసి చూద్దాం.