గని మూతపడిన ఊరు – మట్టిలో మిగిలిన లోహము

గని ఏదైనను ఒకనాడు మూతపడక తప్పదు. ఖనిజము తరిగిపోవును, లేదా ధర పడిపోవును. యంత్రములను విప్పుకొని పోవుదురు, కూలీలు వేరొక చోటికి తరలిపోవుదురు, గోతులలో తుమ్మ మొలచును. ఆ తరువాత రెండు తరములకు అక్కడ గని ఉండెడిదన్న మాట చెప్పువారు కూడ ఉండరు. నేలను చదును చేసి, దున్ని, పంట పెట్టుకొందురు. కాని మనుష్యులు మరచినను మట్టి మరువదు. తవ్వి పారవేసిన రాతిపొడిలోని లోహము నూరేండ్లయినను, రెండు నూరేండ్లయినను అక్కడనే ఉండును.

అట్టి నేలను వదలిపెట్టి పోవలసినదేనా? లేక జాగ్రత్తతో సాగు చేసికొనవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకువారికి ఇంగ్లండులోని షిప్‌హామ్ అను చిన్న పల్లె అనుభవము మిక్కిలి ఉపయోగించును.

షిప్‌హామ్ పూర్వకథ

ఇంగ్లండు నైరుతి భాగమున, సోమర్సెట్ ప్రాంతములో, మెండిప్ కొండలపై ఈ ఊరు ఉన్నది. కొండలు సున్నపురాతి కొండలు. 18వ శతాబ్దములో ఇక్కడ కాలమైన్ అను జింకు ఖనిజమును విరివిగా తవ్వినారు. దానిని రాగితో కలిపి కాచినచో ఇత్తడి తయారగును. దగ్గరలోని బ్రిస్టల్ నగరమున ఇత్తడి పరిశ్రమ బాగుగా సాగుచుండెను గనుక ఖనిజమునకు గిరాకి ఉండెడిది. పెద్ద కంపెనీ గని వంటిది కాదు ఇది. ఊరివారే వీధులలోను, పెరళ్ళలోను, పొలములలోను చిన్న చిన్న గోతులు తవ్వి ఖనిజము తీసెడివారు. 19వ శతాబ్దపు మధ్యకాలమునకు ఆ పని ముగిసినది. ఎగుడుదిగుడు నేల మాత్రము మిగిలినది. కాలక్రమమున ఆ నేలపైననే ఇండ్లు, పెరటి తోటలు వెలసినవి.

జింకు ఖనిజము ఉన్నచోట దానితో కూడ కాడ్మియం అను మరియొక లోహము కొద్దిగా ఉండును. జింకు పైరునకు అవసరమైన పోషకము. కాడ్మియం అట్టిది కాదు. అది పైరునకును, మనిషికిని ఏ మేలూ చేయదు. తిండితో శరీరములో ప్రవేశించిన కాడ్మియం మూత్రపిండములలో చేరి, సంవత్సరముల తరబడి బయటికి పోక నిలిచియుండును. మోతాదు మించినపుడు మూత్రపిండములు చెడును. పిమ్మట ఎముకలు మెత్తబడును.

1979లో తెలిసిన సంగతి

1979లో షిప్‌హామ్ పెరటి తోటల మట్టిని పరీక్షించగా, అందులో కాడ్మియం మిక్కిలి ఎక్కువగా ఉన్నట్లు బయటపడినది. సాధారణముగా ఒక టన్ను మట్టిలో కాడ్మియం ఒక గ్రాము కూడ ఉండదు. ఈ ఊరి తోటలలో కొన్నిచోట్ల టన్నుకు 300 గ్రాములకు పైగా కనబడినది. ఊరిలో అప్పటికి సుమారు వేయిమంది ఉండిరి. వారికి కలిగిన ఆందోళన అంతయింత కాదు. తాము నాటిన కూర తినవచ్చునా, బిడ్డలను మట్టిలో ఆడనీయవచ్చునా అని వారి ప్రశ్న.

ప్రభుత్వము వెంటనే పరిశోధన చేయించినది. మట్టిని, కూరగాయలను, ఇండ్లలోని దుమ్మును, ప్రజల తిండిని, రక్తమును, మూత్రమును పరీక్షించినారు. శరీరములలో కాడ్మియం కొంత అధికముగా చేరిన ఆనవాళ్ళు కనబడినవి. కాని దానివల్లనే కలిగినదని చెప్పదగిన తీవ్రవ్యాధి కనబడలేదు. 1939 నాటికి ఆ ఊరిలో నివసించుచున్నవారి మరణములను నలుబది యేండ్ల పర్యంతము లెక్కించి చూడగా, మొత్తము మీద అవి దేశపు సగటును మించలేదు. రక్తపోటు, పక్షవాతము వంటి కొన్ని కారణములలో మాత్రము కొంత హెచ్చు కనబడినది. కనుక భయపడి ఊరు విడువవలసిన అవసరము రాలేదు. ఏమియు లేదని నిర్లక్ష్యము చేయుటకును వీలు లేదు.

అదే లోహము, వేరొక చోట వేరు ఫలితము

ఇప్పుడు జపాను వైపు చూడుడు. అక్కడ తొయామా ప్రాంతములో జింజూ అను నది ఉన్నది. ఎగువన కమియోకా గని నుండి జింకు, సీసము తీసెడివారు. గని వ్యర్థములు నదిలో కలిసినవి. ఆ నీటినే దిగువ రైతులు వరి పొలములకు పెట్టుకొనినారు. క్రమముగా పల్లెలలోని స్త్రీలకు, ముఖ్యముగా నడివయస్సు దాటి అనేక కాన్పులైన వారికి, భరింపరాని ఎముకల నొప్పులు వచ్చినవి. దగ్గినను ఎముక విరుగునంత దుస్థితి కలిగినది. రోగులు "నొప్పి, నొప్పి" అని మూలుగుచుండుటచే ఆ వ్యాధికి జపాను భాషలో "ఇతాయి ఇతాయి" అని పేరు వచ్చినది. దీనికి కారణము గని కాడ్మియమేనని స్థానిక వైద్యుడు డాక్టర్ హగినో చాలకాలము వాదించినారు. 1968లో ప్రభుత్వము దానిని అంగీకరించినది. వ్యాధిగ్రస్తులుగా ప్రభుత్వము గుర్తించినవారు సుమారు 200 మంది.

ఆ పొలములను బాగుచేయుటకు మంచి మట్టిని తెచ్చి పైన పరచవలసి వచ్చినది. సుమారు 860 హెక్టారులలో, అనగా 2,100 ఎకరములకు పైబడిన భూమిలో, ఈ పని ముప్పదియేండ్లకు పైగా సాగి 2012లో ముగిసినది. గని మాత్రము 2001లోనే ఖనిజము తీయుట మానివేసినది.

ఈ తేడాకు కారణమేమి?

కాడ్మియం రెండుచోట్లను ఉన్నది. పైగా షిప్‌హామ్ మట్టిలో ఉన్నంత కాడ్మియం జపాను పొలములలో లేదు. అయినను కష్టము జపాను రైతుకే వచ్చినది. కారణములు నాలుగు.

మొదటిది నేల గుణము. షిప్‌హామ్ నేలలో సున్నము పుష్కలముగా ఉన్నది. సున్నపు నేలలో కాడ్మియం మట్టి రేణువులను గట్టిగా పట్టుకొనియుండి, వేరునకు సులభముగా అందదు. ఆమ్లపు నేలలో అది నీటిలో కరిగి వేరునకు ఎక్కును. మట్టిలో ఎంత ఉన్నదన్నది ఒక లెక్క, పైరునకు ఎంత అందుచున్నదన్నది మరియొక లెక్క.

రెండవది నీరు. వరిమడిలో నీరు నిలిచియున్నంతకాలము కాడ్మియం గంధకముతో కలిసి కరుగని రూపములో ఉండును. గింజ పాలుపోసుకొను సమయమున మడి ఆరి బీటలు వారినచో అది మరల కరిగి వేరునకు, అక్కడనుండి గింజకు పోవును. అందుచేత జపానులో ఇట్టి పొలములలో వెన్ను పైకి వచ్చుటకు మూడు వారములు ముందు నుండి, వచ్చిన మూడు వారముల వరకు మడిలో నీరు నిలుపవలెనని సలహా ఇత్తురు. పాషాణము ఉన్న నేలలో ఇది ఎదురుతిరుగును. నీరు నిలిపినకొలది పాషాణము గింజలోనికి ఎక్కువగా పోవును. కనుక నేలలో ఉన్నదేదో తెలిసికొనక నీటి పద్ధతి మార్చరాదు.

మూడవది తిండి. షిప్‌హామ్ వారు తమ పెరటి కూర కొంత తిన్నను, మిగిలిన తిండి అంగడినుండి తెచ్చుకొనెడివారు. జింజూ రైతు తన పొలములో పండిన బియ్యమునే పూటపూటకు తిన్నాడు. మన పల్లెలలోను ఇంటి గింజలే తినువారు అనేకులు. ఈ మాట మనకు ముఖ్యము.

నాలుగవది శరీరపు స్థితి. రక్తహీనత కలవారి పేగులు కాడ్మియమును హెచ్చుగా పీల్చుకొనును. స్త్రీలకు దెబ్బ ఎక్కువగా తగులుటకు ఇది ఒక కారణము.

ఈ నాలుగింటిలో నేల గుణమును సరిదిద్దుట, నీరు పెట్టుట, పంటను ఎంచుట రైతు చేతిలోని పనులే. షిప్‌హామ్ నేర్పు పాఠము ఇదియే.

మన ప్రాంతములలో

తెలుగునాట కూడ గనులు మూతపడిన ఊళ్ళు ఉన్నవి. నెల్లూరు వైపు సైదాపురము, రాపూరు ప్రాంతములలో అభ్రకము తవ్విన పాత గోతులు ఉన్నవి. చీపురుపల్లి, గరివిడి వైపు మాంగనీసు తవ్వినారు. రామగిరిలో బంగారము, పల్నాడులోని బండలమొట్టు వద్ద సీసము తీసినారు. వీటన్నిటిని ఒకే గాట కట్టరాదు. అభ్రకము కాడ్మియం వలె విషము కాదు. అక్కడ చిక్కు గోతులతోను, పంటకు పనికిరాని రాతి దిబ్బలతోను. సీసము, జింకు, రాగి తీసినచోట మట్టిని, నీటిని తప్పక పరీక్ష చేయింపవలెను. బంగారము తీయుటకు రాతిని పిండిగా నూరుదురు గనుక, ఆ దిబ్బల దుమ్ము ఎండకాలపు గాలికి లేచి పొలములపై పడును. అట్టి దుమ్ములో ఏమున్నదో తెలిసికొనుట అవసరము.

రైతులు చేయవలసిన పనులు

1. పరీక్ష చేయించుడు. మామూలు భూసార పరీక్షలో ఉదజని సూచిక, లవణములు, పోషకములు తెలియును గాని సీసము, కాడ్మియం తెలియవు. వీటికి వేరుగా అడిగి పరీక్ష చేయింపవలెను. మీ వ్యవసాయాధికారి ద్వారా ఆ వసతి ఉన్న ప్రయోగశాలకు పంపుడు.

2. నమూనాను సరిగా తీయుడు. పొలములో ఎనిమిది, పది చోట్ల పై 15 సెంటీమీటర్ల మట్టిని తీసి కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు రెండు భాగములు ఉంచుకొనుచు అరకిలోకు తగ్గింపుడు. తగరపు పూత అని మనము పిలుచు జింకు పూత బకెట్టు వాడరాదు, లెక్క తప్పును. గని దిబ్బకు దగ్గరగా ఒకటి, దూరముగా ఒకటి, గనితో సంబంధము లేని అదే రకపు నేలనుండి ఒకటి వేరువేరుగా తీసి, సర్వే నంబరు వ్రాయుడు. పండిన గింజను కూడ పంపినచో మరింత మంచిది.

3. ఆమ్లపు నేల అయినచో పరీక్షలో చెప్పిన మోతాదు సున్నము వేయుడు. మోతాదు మించినచో పైరునకు జింకు, ఇనుము అందక ఆకులు పాలిపోవును. బాగుగా మాగిన పశువుల ఎరువు కూడ లోహమును పట్టి ఉంచుటకు సాయపడును. జింకు లోపించిన నేలలో వరి కాడ్మియమును అధికముగా పీల్చును గనుక ఆ లోపమును సవరించుడు.

4. పంటను ఎంచుకొనుడు. పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలు లోహమును ఎక్కువగా పట్టును. పొగాకు కూడ అంతే. కాయలలోను, పండ్లలోను తక్కువ చేరును. అనుమానమున్న నేలలో ఆకుకూరలు మాని, కలప చెట్లో, పూలతోటలో వేయుట మేలు.

5. సీసము ప్రధానముగా దుమ్ము రూపమున నోటికి చేరును. కూరలను నీటిలో బాగుగా కడిగి, దుంపలను చెక్కు తీసి వండుడు. పసిబిడ్డలను గని దిబ్బలపై ఆడనీయరాదు.

6. దిబ్బ మట్టిని గట్లకు, ఇండ్ల పునాదులకు, పశువుల కొట్టములలో పరచుటకు తేరాదు. దిబ్బపై వట్టివేరు వంటి గడ్డిని నాటినచో దుమ్ము, వానకోత తగ్గును. ఆ గడ్డిని మేతకు కోయరాదు.

గ్రామాధికారులకు ఒక మనవి

ఊరిలోని వృద్ధులు జ్ఞాపకముంచుకొన్నంతవరకే పాత గనుల సమాచారము దొరకును. వారిని అడిగి, గోతులు, దిబ్బలు, ఖనిజము కడిగిన వాగులు ఏ సర్వే నంబర్లలో ఉన్నవో గ్రామపటముపై ఇప్పుడే గుర్తింపుడు. ఇండ్ల స్థలములు, పాఠశాల ఆటస్థలము నిర్ణయించునపుడు ఆ పటమును చూడుడు. నోరు తెరచిన గోతులకు కంచె వేయింపుడు.

చెరువు పూడికమట్టి విషయమున మరింత జాగ్రత్త అవసరము. పూడికమట్టి పొలమునకు బలమని మనకు తెలిసినదే. కాని చెరువునకు ఎగువన గని దిబ్బ ఉన్నచో, ఏండ్ల తరబడి వానకు కొట్టుకొని వచ్చిన రాతిపొడి అంతయు ఆ పూడికలోనే ఉండవచ్చును. బండ్లు కట్టకముందే ఒక నమూనా పరీక్ష చేయించినచో అరకిలో మట్టి ఖర్చుతో పోవును. ఒకసారి వంద ఎకరములలో చల్లిన పిదప దానిని తిరిగి ఏరుట ఎవరివల్లను కాదు. 2,100 ఎకరములను బాగుచేయుటకు జపాను పడిన శ్రమ ఎంతటిదో పైన చూచితిరి.